థోరో బట్టలు ఎవరు ఉతికారు? ఆయనను స్వావలంబనకు ఆదర్శంగా చెప్పవచ్చా?

శ్రీవల్లి | శనివారం, ఉదయం 10.20

మా పుస్తక బృందంలో ఈ నెల ‘వాల్డెన్’ చదివాం. చర్చ సగంలో ఆగిపోయింది, అందుకే ఇక్కడికి తెచ్చాను. చదవనివారి కోసం కొంచెం నేపథ్యం చెబుతాను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరుంది, దాని శివార్లలో వాల్డెన్ అనే కొలను. 1845 జులై 4న, ఆ దేశ స్వాతంత్ర్య దినాన, హెన్రీ డేవిడ్ థోరో ఆ గట్టున తాను కట్టుకున్న ఇంట్లోకి మారాడు. ఇల్లు 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. అక్కడ రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు ఉన్నాడు. పుస్తకం 1854లో వచ్చింది. అంతకుముందే, 1841లో, ఆయన పెద్ద మిత్రుడు ఎమర్సన్ ‘సెల్ఫ్ రిలయన్స్’ అనే వ్యాసం అచ్చువేశాడు. తెలుగులో దాన్ని ‘స్వావలంబన’ అంటున్నాం. ట్రాన్సెండెంటలిస్టుల (ఎమర్సన్ చుట్టూ చేరిన రచయితలు, ఆలోచనాపరుల బృందం) గురించి చెప్పే ప్రతి పాఠంలోనూ ఆ వ్యాసం సిద్ధాంతం, ఈ ఇల్లు ఆచరణ.

నా అభ్యంతరం ఇదీ. ఆ స్థలం ఎమర్సన్‌ది. గొడ్డలి అరువుది. తల్లిదండ్రుల ఇల్లు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది, భోజనానికి అక్కడికి వెళ్ళేవాడు. ఆయన బట్టలు తల్లీ తోబుట్టువులూ ఉతికేవారంటారు. ఇలాంటి మనిషిని స్వావలంబనకు ఆదర్శంగా పిల్లలకు చూపించడం నాకు సమ్మతం కాదు.

చెరువుగట్టు | శనివారం, ఉదయం 11.05

శ్రీవల్లి గారూ, ఈ ఉతుకుడు మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. థోరో పేరెత్తితే చాలు, పుస్తకం తెరవనివారు కూడా ఇదే అంటారు.

అడవిలో ఒంటరి సన్యాసిగా బతికానని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. ‘ఏకాంతం’ అనే అధ్యాయం ముగియగానే ‘సందర్శకులు’ అనే అధ్యాయం మొదలవుతుంది. ఇంట్లో మూడు కుర్చీలున్నాయని రాశాడు. ఒకటి ఏకాంతానికి, రెండు స్నేహానికి, మూడు సంఘానికి. ఊళ్ళో భోజనం చేసేవాడినని కూడా తనే రాశాడు. నా బతుకుతీరును ఎవరూ అనుకరించవద్దు, తండ్రిదీ తల్లిదీ పొరుగువాడిదీ కాకుండా ఎవరి దారి వాళ్ళు జాగ్రత్తగా వెతుక్కోండి అని మొదటి అధ్యాయంలోనే చెప్పాడు.

అసలు తిరకాసు తెలుగు మాటతో వచ్చింది. ‘స్వావలంబన’ అనగానే మనకు పొదుపు సంఘం, కుట్టుమిషను, తన కాళ్ళమీద తాను నిలబడటం గుర్తుకొస్తాయి. ఎమర్సన్ చెప్పినది తన మాట మీద తాను నిలబడటం. నిన్ను నీవు నమ్ము, ప్రతి హృదయమూ ఆ ఇనుప తీగకే కంపిస్తుంది అన్నాడు. 1838లో హార్వర్డ్ దైవశాస్త్ర విద్యార్థుల ముందు తాను నమ్మినది మాట్లాడాడు. దాదాపు 30 ఏళ్ళు ఆ విద్యాలయం ఆయనను మళ్ళీ ఉపన్యాసానికి పిలవలేదు. ఆ వ్యాసం అడిగే నిబ్బరం అలాంటిది. అందులో చాకిరేవు లెక్క లేదు.

ఇంతకీ తల్లి ఉతికిందనడానికి ఆధారం ఏమిటో చెప్పండి.

పాఠకుడు9 | శనివారం, ఉదయం 11.12

అమ్మ ఉతికితే తప్పేమిటి? నా బట్టలు ఇప్పటికీ మా అమ్మే ఉతుకుతుంది.

విశ్రాంత అధ్యాపకుడు | శనివారం, మధ్యాహ్నం 12.40

ముప్పై ఏళ్ళు ఈ వ్యాసాన్ని పాఠం చెప్పినవాడిగా ఒక మాట. మీరంతా మూలాన్ని వదిలేస్తున్నారు. ‘ఉద్ధరేదాత్మనాత్మానం’ అని గీత ఆరో అధ్యాయంలో ఉంది. తన్ను తానే ఉద్ధరించుకోవాలి, తనకు తానే బంధువు, తనకు తానే శత్రువు. ఎమర్సన్ వ్యాసమంతా ఈ శ్లోకానికి వ్యాఖ్యానమే. రోజూ ఉదయాన్నే గీతలో తన బుద్ధికి స్నానం చేయిస్తానని థోరో రాసుకున్నాడు. వాల్డెన్ కొలను మంచు ఓడలెక్కి మన దేశానికి వస్తుందని, ఆ నీరు గంగతో కలుస్తుందని కూడా రాశాడు. ఆ మంచు వ్యాపారి టూడర్ మనుషులు తన కళ్ళముందు కొలను కోయడం చూసి రాసిన మాట అది. మద్రాసు సముద్రతీరంలో ఐస్ హౌస్ చూసినవారికి ఆ పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది, అది టూడర్ సంస్థ మంచు దాచిన భవనం.

ఇక థోరో పన్ను కట్టనని జైలుకు వెళ్ళిన సంగతి రాసిన వ్యాసం గాంధీజీ దక్షిణాఫ్రికాలో చదివారు. ఆ తరువాత మన పెదనందిపాడు రైతులు 1921–22లో పన్నులు కట్టం అని నిలబడ్డారు. ఇంత దూరం పాకిన ఆలోచనను ఉతికిన చొక్కాతో కొలుస్తారా?

చెరువుగట్టు | శనివారం, మధ్యాహ్నం 1.15

మాస్టారూ, నమస్కారం. ఎమర్సన్ వ్యాసం 1841లో వచ్చింది. గీత పూర్తి అనువాదం ఆయన చేతికి వచ్చింది 1845లో. వ్యాఖ్యానం మూలం కన్నా ముందు పుట్టదు. పోలిక ఉంది, కాదనను.

శ్రీవల్లి | శనివారం, సాయంత్రం 4.30

ఆధారం అడిగారు. థోరో పుస్తకమే తెరిచాను. మొదటి అధ్యాయంలో, తిండి లెక్క తరువాత, బట్టలు ఉతకడం, అతుకులు వేయడం చాలావరకు ఇంటి బయట జరిగాయని, ‘వాటి బిల్లులు ఇంకా అందలేదు’ అని ఉంది.

ఈ మనిషి అర సెంటు కూడా వదలడు. ఇంటి ఖర్చులో అర సెంటు ఉంది. చిక్కుడు పంటకు 14 డాలర్ల డెబ్బైరెండున్నర సెంట్లు పెట్టి, 8 డాలర్ల డెబ్బైఒకటిన్నర సెంట్లు మిగుల్చుకున్నానని రాశాడు. జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ రైలుమార్గం కూలీ గుడిసెను 4 డాలర్ల పాతిక సెంట్లకు కొని, విప్పి, ఆ పలకలు తన ఇంటికి వాడుకున్నాడు. ఆ కుటుంబం మర్నాడు తెల్లవారుజామున మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతూ దారిలో ఎదురైందని కూడా రాశాడు. అంత వివరంగా లెక్కపెట్టే చేతికి ఒక్క పద్దు మాత్రం ఖాళీగా మిగిలింది. రెండేళ్ళ తరువాత కూడా, పుస్తకం అచ్చయిన తరువాత కూడా ఆ బిల్లు రాలేదు. ఎందుకు రాలేదో మన ఇళ్ళలో ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది.

మాస్టారూ, పెదనందిపాడులో ఊళ్ళకు ఊళ్ళు కలిసి నిలబడ్డాయి. దాన్ని ఒంటరి మనిషి గొప్పతనానికి సాక్ష్యంగా తేవడం నాకు అర్థం కాలేదు.

బోస్టన్ నుంచి | శనివారం, సాయంత్రం 6.02

నేను ఇక్కడే పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. కాంకర్డ్ ఊరి మధ్య నుంచి కొలను దాకా రెండుసార్లు నడిచాను. మైలున్నర పైచిలుకు ఉంటుంది, తాపీగా నడిచినా ముప్పావు గంట పట్టదు. కొలను పక్క నుంచి రైలు వెళుతుంది. థోరో కాలంలోనూ అదే మార్గం, కొత్తగా వేశారు. ఇల్లున్న చోట రాతి కంబాలు పాతారు, పక్కన యాత్రికులు వేసిన రాళ్ళ కుప్ప. అక్కడ నిలబడితే అడవి అనిపించదు, ఊరి పొలిమేర అనిపిస్తుంది.

చెరువుగట్టు | శనివారం, రాత్రి 9.48

ఆ వాక్యంలో ‘తల్లి’ అనే మాట లేదు. ‘ఇంటి బయట’ అని మాత్రమే ఉంది. లేని మాటను మీరు చేర్చుకున్నారు.

అయినా పరాన్నభుక్కు బొమ్మ గీస్తున్నారు కాబట్టి చెబుతాను. థోరో కుటుంబానిది పెన్సిళ్ళ తయారీ. ఆ పెన్సిలును దేశంలో మేలైనదిగా మార్చింది హెన్రీ. భూమి కొలిచే పని చేశాడు. ఎమర్సన్ ఇంట్లో రెండేళ్ళు తోటపని, వడ్రంగం చేసి భోజనం తిన్నాడు. 1847లో కొలను వదిలింది కూడా ఎమర్సన్ ఇంగ్లండుకు ప్రయాణమైతే ఆ ఇల్లు, పిల్లలు చూసుకోవడానికే. 1846 జులైలో బానిసత్వాన్ని మోసే ప్రభుత్వానికి తలపన్ను కట్టనని జైల్లో కూర్చున్నాడు. ఇంటివాళ్ళలో ఒకరు పన్ను కట్టేస్తే, బయటికి పంపుతున్నందుకు మండిపడ్డాడు. 1851లో, పారిపోయి వచ్చిన బానిసకు ఆశ్రయమిస్తే జైలుపాలయ్యే రోజుల్లో, హెన్రీ విలియమ్స్ అనే మనిషిని ఇంట్లో దాచి, టికెట్టు కొని, కెనడా వైపు రైలెక్కించాడు.

నాకు ఇంత కోపం ఎందుకో కూడా చెబుతాను. ఎనిమిదేళ్ళ క్రితం మంచి జీతమున్న ఉద్యోగం వదిలి, రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి రెండేళ్ళు మా నాన్న ఇంట్లో ఉన్నాను. ప్రతి పండక్కీ మా పెదనాన్న పదిమందిలో అదే మాట అనేవాడు. ‘తండ్రి తిండి తింటూ స్వతంత్రం మాట్లాడతాడు.’ నేను రాసిన ఒక్క పేజీ ఆయన చదవలేదు. కంచం లెక్క ఒకటే చూశాడు. థోరో బట్టల మాట విన్న ప్రతిసారీ నాకు ఆ గొంతే వినిపిస్తుంది. రాసినదానికి జవాబు చెప్పలేనివాళ్ళు అన్నం లెక్క తీస్తారు.

పాఠకుడు9 | శనివారం, రాత్రి 9.55

బాగా చెప్పారు అన్నా.

శ్రీవల్లి | శనివారం, రాత్రి 11.36

నేను మీ పెదనాన్నను కాను. నేను పుస్తకం చదివాను, రెండుసార్లు చదివాను, గీతలు గీసుకుని చదివాను.

అన్నం లెక్క మీకు చిన్నతనంగా ఉంది, ఎందుకంటే మీరు తిన్నవైపు ఉన్నారు. వండినవైపు నుంచి చెబుతాను. మా అన్నయ్య పాతికేళ్ళ వయసులో, నా దారి వేరు అని ఇల్లు వదిలాడు. సంగీతం. మంచిదే, గొంతు బాగుండేది. నాన్నకు పక్షవాతం వచ్చింది. నాకు వేరే ఊళ్ళో ఉపన్యాసకురాలి ఉద్యోగం ఖాయమైంది, వెళ్ళలేదు. పద్నాలుగేళ్ళు. అన్నయ్య వచ్చినప్పుడల్లా ఇంట్లో పండగ, ‘వాడు ఎవరికీ లొంగడు’ అని అమ్మ మురిసిపోయేది. నేను లొంగినందువల్లే వాడు లొంగనక్కరలేకపోయిందని ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు ఎమర్సన్ వ్యాసం తెరవండి. నా అంతరాత్మ పిలిచినప్పుడు తల్లిని, తండ్రిని, భార్యను, సోదరుణ్ణి దూరం పెడతాను, ద్వారబంధం మీద ‘నా ఇష్టం’ అని రాసుకుంటాను అంటాడు. కాస్త కింద, పేదలు పేదలంటారు, వాళ్ళు *నా* పేదలా అని అడుగుతాడు. ఈయన మొదటి భార్య ఎలెన్ 1831లో క్షయతో చనిపోయింది. ఆమె ఆస్తి నుంచి ఏటా సుమారు 1,200 డాలర్లు వచ్చేవి. ద్వారబంధం మీద అలా రాసుకోవడానికి ముందు తలుపున్న ఇల్లు ఉండాలి.

1843లో అదే బృందంలోని బ్రాన్సన్ ఆల్కాట్ ఫ్రూట్‌లాండ్స్ అని ఆదర్శ క్షేత్రం పెట్టాడు. పశువుల చాకిరీ తీసుకోకూడదన్నారు, పత్తి బట్ట కట్టకూడదన్నారు. పంట కోసిన సమయానికి మగవాళ్ళు ఉపన్యాసాలకు వెళ్ళారు. గాలివాన వస్తుంటే భార్య అబిగెయిల్, చిన్నపిల్లలు బార్లీ మోసుకొచ్చి లోపల వేశారు. ఏడు నెలల్లో మూతపడింది. ఆ ఇంటి కూతురు లూయిసా పెద్దయ్యాక దాని కథ రాసింది. వీళ్ళ స్వేచ్ఛకు అయిన ఖర్చు ఆమెకు తెలుసు.

నిర్వాహకులు | ఆదివారం, ఉదయం 7.10

ఇద్దరూ సొంత సంగతులు చెప్పారు, తప్పు లేదు. ఎదుటివారి కుటుంబం మీద మాత్రం వ్యాఖ్య చేయవద్దని మనవి.

విశ్రాంత అధ్యాపకుడు | ఆదివారం, ఉదయం 8.25

1845 సంగతి ఒప్పుకుంటాను. కానీ గీత పేరు, సారం అంతకుముందే ఎమర్సన్‌కు వేరే గ్రంథాల ద్వారా తెలుసు. ‘స్వధర్మే నిధనం శ్రేయః’ అన్న మాట కూడా చూడండి. స్వధర్మం అంటే ఇంటిని వదలడం కాదు.

నీలిమ | ఆదివారం, ఉదయం 9.40

ఇంతసేపు మాట్లాడుకుని మార్గరెట్ ఫుల్లర్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ బృందంలో ఆమె ఎవరికీ తీసిపోదు. తండ్రి 1835లో చనిపోతే పాఠాలు చెప్పి తల్లిని, తమ్ముళ్ళను పోషించింది. వాళ్ళ పత్రిక ‘డయల్’కు 1840 నుంచి రెండేళ్ళు సంపాదకురాలు. ఏడాదికి 200 డాలర్ల జీతం అనుకున్నారు, అది అందలేదు. 1845లో స్త్రీల మీద పుస్తకం వేసింది. ఆత్మనిర్భరత మగవాడిలో గుణం, ఆడదానిలో లోపం అని లోకం ఎంచుతోందని అందులో వాపోయింది. అంటే ఆమె ఎమర్సన్ మాటను కాదనలేదు, మాకూ కావాలంది. ఇల్లు మోస్తూనే కావాలంది. శ్రీవల్లి గారూ, మీరు అడుగుతున్నది కూడా ఇదే కాదా?

చెరువుగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 2.20

రాత్రి మీ జవాబు చదివాక నిద్ర పట్టలేదు. ఉదయం మళ్ళీ ఆ పేజీలు తీశాను.

బిల్లు విషయంలో మీదే సరైన మాట. ‘తల్లి’ అనే పదం లేదని వాదించడం నా మొండితనం. ఎవరు ఉతికినా ఆయన ఉతకలేదు, ఆ విలువ లెక్కలోకి రాలేదు. అయితే ఆ పద్దు ఖాళీగా ఉందని మనకు చెప్పింది కూడా ఆయనే.

ఎమర్సన్ ఆస్తి మాట మాత్రం అలా వదలను. బోస్టన్ చర్చిలో పాస్టరు ఉద్యోగం వదిలింది 1832లో. తాను నమ్మని క్రతువును జరిపించలేనని వదిలాడు. ఎలెన్ ఆస్తిలో మొదటి భాగం చేతికి వచ్చింది 1834లో. ‘నా పేదలా’ అన్న చోట మీరు ఒక వాక్యం ముందే ఆగిపోయారు. ఆత్మబంధంతో నేను కట్టుబడినవారు కొందరున్నారు, అవసరమైతే వారికోసం జైలుకు వెళతాను అని అక్కడే ఉంది. ఐదేళ్ళ తరువాత థోరో నిజంగానే వెళ్ళాడు.

మన తగాదా బట్టల గురించి కాదని ఇప్పుడు అర్థమైంది. ఒక మనిషి ఆలోచన ఎవరి సొత్తు అని నేను అడుగుతున్నాను. ఆ ఆలోచనకు ఖర్చు ఎవరు భరించారు అని మీరు అడుగుతున్నారు. ఖర్చు ఎవరో భరించారు కాబట్టి ఆలోచన చెల్లదంటే, నేను రాసిన ప్రతి పేజీ మా నాన్నదవుతుంది. దానికి నేను ఒప్పుకోలేను.

శ్రీవల్లి | ఆదివారం, సాయంత్రం 5.15

చెల్లదని నేను అనను. పుస్తకం మీదే. కానీ మొదటి పేజీలో మీ నాన్న పేరు వేశారా అని అడుగుతాను.

ఆ ‘జైలుకు వెళతాను’ వాక్యం చదివాను. నాకు మరింత బాధ కలిగించింది అదే. తనవాళ్ళెవరో తానే ఎంచుకుంటానంటాడు. పక్షవాతంతో పడుకున్న తండ్రిని ఎవరూ ఎంచుకోరు.

నీలిమ గారూ, అవును, నాకూ కావాలి. ఫుల్లర్ గురించి రాసినందుకు కృతజ్ఞతలు. ఇంకొంచెం వెనక్కి వెళదాం. 1837లో కాంకర్డ్ స్త్రీలు బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టారు. వ్యవస్థాపకుల్లో థోరో తల్లి సింథియా, తోబుట్టువులు హెలెన్, సోఫియా ఉన్నారు. ఎమర్సన్ భార్య లిడియన్ కూడా. అప్పటికి థోరో చదువు ముగించుకుని ఇంటికి వచ్చాడంతే. ఎమర్సన్ బానిసత్వం మీద మొదటిసారి గట్టిగా మాట్లాడింది 1844 ఆగస్టు 1న, ఈ స్త్రీలు పిలిస్తే. చర్చిలు సభకు చోటివ్వలేదు, న్యాయస్థాన భవనంలో జరిగింది. ఊరంతా ఎదురున్నా తన మాట మీద నిలబడటమే మీ స్వావలంబన అయితే, అది ముందు ఆ వంటింట్లో ఉంది. థోరో దాన్ని కొలను గట్టున కనిపెట్టలేదు, అన్నంతో పాటు తిన్నాడు. పాఠాల్లో ఆ ఇంటిని చూపించమనే నేను అడిగేది.

చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 8.30

ఆ ఆగస్టు 1 కథను మీరు సగంలో ఆపారు. సభకు పిలుపుగా గంట మోగించాలి. చర్చి గంట కొట్టేవాడు కుదరదన్నాడు. థోరో ఒక్కడే లోపలికి వెళ్ళి తాడు పట్టుకుని తనే మోగించాడు. తల్లి నేర్పిందనే అనుకుందాం. తాడు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక్కడే. ఎమర్సన్ ఆ క్షణం గురించి రాశాడు, నేను అడిగేదీ ఆ క్షణం గురించే.

శ్రీవల్లి | ఆదివారం, రాత్రి 8.52

సభ పెట్టినవాళ్ళు లేకపోతే గంట దేనికి?

చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 8.58

గంట మోగకపోతే సభకు ఎవరు వస్తారు?

పాఠకుడు9 | ఆదివారం, రాత్రి 9.20

మధ్యాహ్నం నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. అమ్మ ఆశ్చర్యపోయింది. ఒక సందేహం. ఆ రోజు ఉపన్యాసం వినడానికి థోరో తల్లి కూడా వెళ్ళిందా? ఎవరైనా చదివి ఉంటే చెప్పండి.